ఫీజు కట్టాక మళ్ళీ ఫండ్‌రైజర్ ఎందుకు: ఒక కో-ఆప్ ప్రీస్కూల్ కేస్ స్టడీ

కో-ఆప్ (సహకార) ప్రీస్కూల్లో విరాళాలు పోగుచేయడానికి ఏటా జరిగే ఫండ్‌రైజర్‌ని చాలామంది తల్లిదండ్రులు రెండో ఫీజుగానే చూస్తారు. వాళ్ళ తప్పేమీ లేదు, చాలాచోట్ల దాన్ని నడిపే తీరే అలా ఉంటుంది. సియాటిల్‌కి తూర్పున, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ వైపు తల్లిదండ్రులే నడుపుకునే ఒక చిన్న బడికి నేను ట్రెజరర్‌గా ఉన్న రోజుల్లో ఆ తీరు మార్చాం. ఏం మార్చాం, ఎందుకు మార్చాం, ఏది కుదిరింది, ఏది ఇంకా కుదరలేదు అన్నది ఇక్కడ రాస్తున్నాను. బడి పేరు, కుటుంబాల వివరాలు ఇవ్వను. బడ్జెట్ చెప్పాల్సిన చోట అసలు పద్దుకు బదులు, అదే లెక్క సులువుగా తెలిసేలా గుండ్రటి అంకెలు వాడతాను.

బడి ఎలా నడుస్తుంది

కో-ఆప్‌కి యజమాని అంటూ ఉండడు. పిల్లల తల్లిదండ్రులే సభ్యులు, వాళ్ళలోంచే బోర్డు. టీచర్‌ని వాళ్ళే పెట్టుకుంటారు, జీతం వాళ్ళే ఇస్తారు. వారానికో రోజు అమ్మో నాన్నో క్లాసులో ఉండి ఆయా పనీ, అసిస్టెంటు పనీ చేస్తారు. అమెరికాలో ఈ పద్ధతి 1916లో చికాగో విశ్వవిద్యాలయ అధ్యాపకుల భార్యలు కొందరు కలిసి పెట్టుకున్న నర్సరీతో మొదలైంది. వాషింగ్టన్ రాష్ట్రంలో దీనికి ఇంకో ప్రత్యేకత ఉంది. ఇక్కడి కో-ఆప్‌లు చాలావరకు కమ్యూనిటీ కాలేజీలకు అనుబంధంగా నడుస్తాయి. పిల్లాడు బడిలో చేరినప్పుడే అమ్మో నాన్నో కాలేజీలో పేరెంట్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరతారు. కాలేజీ నుంచి పేరెంట్ ఎడ్యుకేటర్ వచ్చి క్లాసులో పిల్లల్ని గమనిస్తారు, నెలకోసారి పెద్దవాళ్ళకు పాఠం చెబుతారు.

రోజుకు 4 గంటలు దాటకుండా నడిచే ఇలాంటి ప్రీస్కూళ్ళకు రాష్ట్రంలో చైల్డ్ కేర్ లైసెన్సు అక్కర్లేదు. అందువల్ల ఖర్చు తగ్గుతుంది. ఉండేది పూట బడి కాబట్టి వసూలు చేయగలిగే ఫీజు కూడా తక్కువే.

ఒకసారి గుంటూరు నుంచి వచ్చిన ఒక తాతయ్యగారు మనవరాలిని దింపడానికి వచ్చి, అంతా చూసి, "ఈ బడికి గవర్నమెంటు ఏమీ ఇవ్వదా అమ్మా?" అని అడిగారు. మన దగ్గర 1975 నుంచి ఐసీడీఎస్ కింద అంగన్‌వాడీలు ఉన్నాయి, ఊళ్ళో పిల్లలకు ఫీజు మాటే ఉండదు. ఇక్కడ బాగా తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు 1965లో మొదలైన హెడ్ స్టార్ట్ అనే కేంద్ర ప్రభుత్వ ఉచిత ప్రీస్కూలు పథకం ఉంది, దానికి తోడు వాషింగ్టన్ రాష్ట్రం 1985 నుంచి నడుపుతున్న అలాంటి పథకమే ఈసీఈఏపీ ఉంది. ఆ రెండింటి ఆదాయ పరిమితి దాటి, నెలకు వెయ్యి డాలర్లకు పైగా ఉండే ప్రైవేటు ప్రీస్కూలు అందుకోలేని కుటుంబాలు మధ్యలో ఉండిపోతాయి. మా బడికి వచ్చేవాళ్ళలో చాలామంది వీళ్ళే. గవర్నమెంటు నుంచి మాకు వచ్చే సొమ్ము లేదు. ఆయనకు అదే చెప్పాను.

లెక్క

ఇరవైమంది పిల్లలు అనుకుందాం. నెలకు 300 డాలర్లు, సెప్టెంబరు నుంచి మే దాకా 9 నెలలు. మొత్తం 54,000. ఖర్చులో టీచర్ జీతం, జీతం మీది పన్నులు కలిపి 36,000. చర్చి కింది అంతస్తు అద్దె 12,000. కాలేజీకి కట్టేది, ఇన్సూరెన్సు 6,000. రంగులు, కాగితాలు, స్నాక్స్, విరిగిన బొమ్మల రిపేర్లు 4,000. ఫీజు పూర్తిగా కట్టలేని కుటుంబాలకు ఇచ్చే తగ్గింపు 4,000. మొత్తం 62,000. అంటే 8,000 తక్కువ.

తల్లిదండ్రుల పనివల్ల ఒక అసిస్టెంటు జీతం మిగులుతుంది. ఊడవడం, కడగడం, నెలకోసారి పార చేతపట్టి తోట బాగుచేయడం, వెబ్‌సైటు, ఈ పద్దులు రాయడం కూడా ఎవరో ఒకరు చేసేస్తారు. అయితే అద్దె చెమటతో కట్టలేం. టీచరుకు చప్పట్లతో జీతం ఇవ్వలేం. పైగా ఆ జీతమే ఈ ప్రాంతంలో బతకడానికి చాలని జీతం. ఖర్చు తగ్గించుకుందాం అన్నప్పుడల్లా అందరి చూపూ ముందు దానిమీదే పడుతుంది. అందుకు నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు.

"ఆ 8,000 ఇరవైమందికి పంచేయండి. మనిషికి ఏడాదికి 400, నెలకు 45 కూడా కాదు. ఈ తలనొప్పి ఉండదు" అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు అంటారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు రెండు ముక్కల్లో ఉంది.

ఒకటి, ఫీజు అందరికీ ఒకటే. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో నెలకు 45 డాలర్లు ఎటు పోయాయో కూడా తెలియదు. ఒకే జీతం మీద, హెచ్-4 వీసాతో (ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చేది) ఇంట్లోనే ఉండిపోయిన తల్లి ఉన్న ఇంట్లో ఆ 45 దగ్గరే "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్న మాట వస్తుంది. వచ్చే ఏడాదికి పిల్లాడు కిండర్‌గార్టెన్ ఈడుకు వచ్చేస్తాడు.

రెండోది చాలామందికి తట్టదు. మా బడి 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న నాన్‌ప్రాఫిట్. దానికి ఇచ్చే విరాళానికి మైక్రోసాఫ్ట్ లాంటి కంపెనీలు డాలరుకు డాలరు జత చేస్తాయి. ఫీజుకు జత చేయవు. ఒక కుటుంబం 400 ఫీజుగా కడితే బడికి 400 వస్తుంది. అదే 400 స్వచ్ఛందంగా విరాళం ఇచ్చి, కంపెనీ చేత ఆ జత (మ్యాచింగ్) పెట్టిస్తే 800 వస్తుంది. అంటే జత చేసే కంపెనీలో పనిచేసే పది కుటుంబాలు ఇష్టపడి తలా 400 ఇస్తే 8,000 నిండిపోతుంది. మిగతా పది కుటుంబాలు పైసా ఇవ్వక్కర్లేదు. ఫండ్‌రైజర్ పెట్టుకోవడానికి నా దృష్టిలో ఇంతకు మించిన కారణం లేదు. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు, వాళ్ళ కంపెనీ ఇస్తుంది, ఇవ్వలేనివాళ్ళ పిల్లలు అదే ఇసుకగుంటలో ఆడుకుంటారు.

ఇష్టపడి అన్న మాట తీసేస్తే ఈ లెక్క మొత్తం కూలిపోతుంది. మా పాత పద్ధతిలో జరిగింది అదే.

పాత పద్ధతి

అప్పట్లో ప్రతి కుటుంబమూ ఏడాదికి ఇంత సొమ్ము తేవాలని నియమం ఉండేది. చాక్లెట్లు, గిఫ్ట్ కార్డులు అమ్మాలి, వేలానికి వస్తువులు సంపాదించాలి. తగ్గినంత మే నెలలో జేబులోంచి కట్టాలి. ఎక్కువ తెచ్చినవాళ్ళకు ఆ ఎక్కువలో కొంత వాళ్ళ ఫీజులో తగ్గించేవాళ్ళు. పైకి చూస్తే కష్టానికి తగిన ఫలం అనిపిస్తుంది.

ఇందులో ఎవరు నష్టపోతారో చూడండి. ఇక్కడే పుట్టి పెరిగిన తల్లికి అమ్మానాన్నలు, మేనత్తలు, చర్చి స్నేహితులు, పాత ఆఫీసు వాళ్ళు ఉంటారు. ఒక ఈమెయిల్‌తో యాభై చాక్లెట్ పెట్టెలు అమ్ముడుపోతాయి. ఆర్నెల్ల క్రితం హైదరాబాదు నుంచి వచ్చిన తల్లికి అపార్టుమెంటులో ఎదురింటివాళ్ళు తప్ప ఎవరూ తెలియదు. ఆ పెట్టెలు తనే కొనుక్కుంటుంది. పిల్లలకు అన్ని చాక్లెట్లు పెట్టలేక ఫ్రిజ్‌లో దాచుకున్నామని ఒకావిడ నాకు చెప్పింది. ఉన్నవాళ్ళకు ఫీజు తగ్గి, లేనివాళ్ళకు పెరిగే ఏర్పాటు అది.

ఇక చట్టం సంగతి. నాన్‌ప్రాఫిట్ సొమ్ము, సభ్యుల్లో ఎవరు ఎంత తెచ్చారో వాళ్ళ సొంత ఖాతాకే జమ కాకూడదు. వర్జీనియాలో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అని, జిమ్నాస్టిక్స్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉండేది. అక్కడ తల్లిదండ్రులు అమ్మకాలతో పాయింట్లు సంపాదించి తమ పిల్లల ఫీజులో తగ్గించుకునేవాళ్ళు. అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఆ క్లబ్బుకు పన్ను మినహాయింపు రద్దు చేస్తే, 2013లో ట్యాక్స్ కోర్టు ఆ రద్దు సరైనదే అంది. మా బోర్డు సమావేశంలో ఈ కేసు చెప్పినప్పుడు కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక తండ్రి, "అయితే మనం చేస్తున్నదీ అదేగా" అన్నారు. అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. తప్పనిసరిగా కట్టే సొమ్ము పేరుకు ఏదైనా అసలుకు ఫీజే. దానికి విరాళం రసీదు ఇవ్వకూడదు, కంపెనీ మ్యాచింగ్ అడగకూడదు. మేము నిర్బంధం పెట్టిన ప్రతి డాలరుతో పాటు జత రావాల్సిన డాలరును కూడా పోగొట్టుకుంటున్నాం.

ఏం మార్చాం

నిర్బంధం ఎత్తేశాం. తెచ్చినదానికి తగ్గింపు ఎత్తేశాం. జీతం, అద్దె, ఇన్సూరెన్సు లాంటి తప్పని ఖర్చులు వీలైనంతవరకు ఫీజులోంచే వెళ్ళాలని నిర్ణయించాం. అందుకోసం ఫీజు కొద్దిగా పెంచాల్సి వచ్చింది. ఫండ్‌రైజర్ సొమ్మును ఫీజు సాయం నిధికి కేటాయించాం. అందులో మిగిలితే బొమ్మలకు, పుస్తకాలకు. లెక్కల పుస్తకంలో ఈ నిధికి వేరే పద్దు పెట్టాం. సాయం కోసమని అడిగి తీసుకున్న డబ్బు అద్దెకు వాడటం దాతను మోసగించడమే.

ఇంకో నియమం నేను పట్టుబట్టి పెట్టించింది: ఈ ఏడాది వసూలైనది వచ్చే ఏడాది సాయానికి. కంపెనీల మ్యాచింగ్ సొమ్ము బ్యాంకులో పడేసరికి నెలలు పడుతుంది. రాబోయే డబ్బును నమ్ముకుని సెప్టెంబరులో ఒక తల్లికి మాట ఇచ్చి, జనవరిలో తప్పడం కంటే దారుణం లేదు. చేతిలో ఉన్నంతకే మాట ఇస్తాం.

సాయం అడగడానికి ఒక పేజీ ఫారం. పన్ను రిటర్నులు అడగం. "నెలకు మీరు ఎంత కట్టగలరు?" అన్నదే అందులో ముఖ్యమైన ప్రశ్న. ఆ ఫారం చూసేది ట్రెజరరు, పేరెంట్ ఎడ్యుకేటరు, ఇద్దరే. బోర్డుకు మొత్తం ఎంత ఇచ్చామో తెలుస్తుంది, ఎవరికి ఇచ్చామో తెలియదు. కో-ఆప్‌లో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే సాయం తీసుకున్న తల్లీ, నిధికి ఇచ్చిన తల్లీ మంగళవారం పక్కపక్కన నిలబడి కుంచెలు కడుగుతుంటారు.

ఇంత నమ్మకం మీద నడిపితే అవసరం లేనివాళ్ళు కూడా తీసుకోరా అని బోర్డులో చర్చ జరిగింది. నేను చూసినంతలో జనం తక్కువే అడుగుతారు. అడగాల్సినవాళ్ళ చేత అడిగించడమే కష్టం, ముఖ్యంగా మనవాళ్ళ చేత. "మాకంటే అవసరం ఉన్నవాళ్ళు ఉంటారు కదండీ" అంటారు.

ఆ రోజు

అంతకుముందు ఫండ్‌రైజర్ అంటే పెద్దవాళ్ళ రాత్రి విందు. టిక్కెట్టు, వైను, వేలం. పిల్లల్ని చూసుకోవడానికి బేబీసిట్టరుకు వేరే ఖర్చు. మద్యం ఉంటే రాష్ట్ర లిక్కర్ అండ్ కన్నబిస్ బోర్డు అనుమతి కూడా చూసుకోవాలి. ఆ విందు బదులు మార్చి నెలలో ఒక శనివారం పొద్దున్న పెట్టుకున్నాం. చర్చి హాల్లోనే, పిల్లలతో సహా, టిక్కెట్టు లేకుండా.

తెలుగు అమ్మలు బిర్యానీ వండి ప్లేటు లెక్కన అమ్ముదామన్నారు. మంచి ఆలోచనే కానీ ఇంట్లో వండినది అలా అమ్మడానికి వీల్లేదు. కౌంటీ ఆరోగ్య శాఖ పర్మిట్ కావాలి, అనుమతి ఉన్న వంటగదిలో వండాలి. అందుకని తిండి అంతా పాట్‌లక్ చేశాం, అంటే తలా ఒక వంటకం తెస్తారు, ఎవరూ దేనికీ డబ్బు కట్టరు. పులిహోర గిన్నె అరగంటలో ఖాళీ అయింది. లాటరీ టిక్కెట్లు వద్దనుకున్నాం. అలాంటి లాటరీ (రాఫిల్) ఇక్కడ చట్టప్రకారం జూదం కిందికి వస్తుంది, గ్యాంబ్లింగ్ కమిషన్ నియమాలు చదువుతూ కూర్చోవాలి.

వేలం మాత్రం ఉంచాం, కాగితం మీద రాసే సైలెంట్ వేలం. అందులో పెట్టినవాటిలో బయట కొని తెచ్చినవి చాలా తక్కువ. ఎక్కువ భాగం సభ్యులు ఇచ్చిన పనులు: ఒక తండ్రి సైకిలు సర్వీసింగ్, ఒకావిడ గోంగూర పచ్చడి, పప్పుచారు నేర్పే పూట, టీచరుతో పార్కులో ఒక ఉదయం. అన్నిటికంటే పోటీ పిల్లల బొటనవేలి ముద్రలతో చేసిన చెట్టు బొమ్మకు. ఇరవై ఆకులు, ఒక్కొక్క ఆకు కింద టీచరు చిన్న అక్షరాలతో రాసిన పేరు. ఒక ముద్ర పక్కకు జారి పచ్చటి గీతలా సాగిపోయింది. కాగితం మీద పేర్లు రాస్తూ రాస్తూ ఇద్దరు అమ్మలు ఒకరినొకరు చూసుకుని, కలిపి కొని ఆర్నెల్లు ఒకరింట్లో, ఆర్నెల్లు ఇంకొకరింట్లో పెట్టుకుందామని ఒప్పందం చేసుకున్నారు.

రసీదుల దగ్గర జాగ్రత్త కావాలి. వేలంలో కొన్న వస్తువు మార్కెట్ విలువ కంటే ఎంత ఎక్కువ ఇచ్చారో అంతవరకే విరాళం. ఇచ్చిన సొమ్ముకు బదులుగా ఏదైనా అందుకుంటే, ఆ సొమ్ము 75 డాలర్లు దాటితే, అందుకున్నదాని విలువ ఎంతో బడి రాతపూర్వకంగా చెప్పాలి. 250 డాలర్లు, ఆపైన విరాళానికి రాతపూర్వక రసీదు లేకపోతే దాత పన్నులో చూపించుకోలేరు. సైకిలు బాగుచేసిన తండ్రి తన గంటల విలువను విరాళంగా చూపించుకోలేడు. ఆయన మైక్రోసాఫ్ట్‌లో పనిచేస్తే మాత్రం, వాలంటీరు గంటకు 25 డాలర్ల చొప్పున కంపెనీ బడికి ఇస్తుంది. ఈ సంగతి తెలియక ఎన్ని గంటలు నమోదు కాకుండా పోయాయో! ఆ రోజు తలుపు దగ్గర ఒక బల్ల వేసి, ఇద్దరు ల్యాప్‌టాప్‌లతో కూర్చుని వచ్చినవాళ్ళ చేత అక్కడికక్కడే మ్యాచింగ్, గంటలు రెండూ నమోదు చేయించారు. ఆ రోజు మొత్తంలో ఎక్కువ డబ్బు తెచ్చిన బల్ల అదే.

సాయం నిధికి ఇవ్వడం కవర్లలో పెట్టాం. చేతులెత్తి అంకెలు చెప్పే పద్ధతి పెడితే ఎక్కువ వస్తుందని కొందరు అన్నారు. బహుశా వస్తుంది. నలుగురిలో చెయ్యి ఎత్తలేని తల్లిదండ్రులు ఆ హాల్లో ఉన్నారు కాబట్టి వద్దన్నాను.

ఎవరికి అందింది

2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. ఈ చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఆ వారం ఎలా గడిచిందో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే 60 రోజుల గడువు. ఆ లోపు ఇంకో ఉద్యోగం దొరకాలి, లేదా వేరే దారి చూసుకోవాలి. ఇలాంటి కాలంలో ఇంట్లో మొదట కోసేసే ఖర్చుల్లో ప్రీస్కూలు ఉంటుంది. పిల్లాడికి మాత్రం అప్పుడే అది ఎక్కువ అవసరం. ఇంట్లో పెద్దవాళ్ళ ముఖాలు మారిపోయినప్పుడు, వారానికి మూడు పూటలు మారకుండా ఉండే చోటు అదొక్కటే.

మా నియమాల్లో ఏడాది మధ్యలో ఆదాయం ఆగిపోయినవాళ్ళకూ సాయం ఉంది. అలా ఒక తల్లి ఫోన్ చేసి, "ఈ నెలాఖరుకు మావాడిని మానిపించేస్తున్నాం, డిపాజిట్ ఎప్పుడు వస్తుందండీ?" అని అడిగింది. ఫారం పంపించాను. నెలకు ఎంత కట్టగలరన్న చోట సున్నా వేసి, కింద, "పని రోజులు రెండు చేస్తాను" అని రాసింది. ఆ రెండో రోజు అక్కర్లేదని చెప్పాం. ఫీజుకు బదులు పని అన్న లెక్క వీసా మీద ఉన్న మనిషికి మంచిది కాదు, సాయానికి వెల కట్టడం మాకూ ఇష్టం లేదు. పిల్లాడు మే దాకా వచ్చాడు. వాళ్ళే అంతకుముందు ఏడాది నిధికి ఇచ్చినవాళ్ళ జాబితాలో ఉన్నారు.

నిధి ఎవరికోసం అన్న ప్రశ్నకు ఆ తర్వాత బోర్డులో వేరే జవాబు చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఫలితం, మిగిలిన చిక్కులు

నిర్బంధం తీసేస్తే ఎవరూ ఇవ్వరని భయపడ్డారు. మొదటి ఏడాది కొందరు నిజంగానే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్ళు మాత్రం పాత నియమం కంటే ఎక్కువ ఇచ్చారు, మ్యాచింగ్‌తో కలిపితే పాత వసూలు దాటింది. వేలానికి వస్తువులు సేకరించే పని సగానికి తగ్గింది. సాయం అడిగే ఫారాలు పెరిగాయి. కొందరు దాన్ని సమస్యగా చూశారు. నేను చూడను, అవసరం ఉన్న ఇళ్ళు ముందూ ఉన్నాయి, అప్పట్లో చడీచప్పుడు లేకుండా మానేసేవి.

ఇంకా తేలనివి రెండున్నాయి. మ్యాచింగ్ మీద ఇంతగా ఆధారపడితే, ఆ కంపెనీలు నియమం మార్చిన రోజున నిధి ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని ఏడాది సాయానికి సరిపడే సొమ్ము ఎప్పుడూ కదపకుండా ఉంచాలని అనుకున్నాం, అది ఇంకా నిండలేదు. రెండోది టీచరు జీతం. ఫీజులోంచే ఇవ్వాలన్న నియమం సరైనదే కానీ, దానివల్ల జీతం పెంచాలంటే ఫీజు పెంచాలి, ఫీజు పెరిగితే సాయం పెరగాలి. ఈ ముడి ఫండ్‌రైజర్‌తో విడిపోయేది కాదు. రాష్ట్రం పూట బడులకు కూడా ఏదో ఒక సాయం చేస్తే తప్ప విడిపోదని నా అభిప్రాయం.

ప్రతి ఏడాదీ ఎందుకు, రెండేళ్ళకోసారి పెద్దగా చేయొచ్చుగా అంటారు. కో-ఆప్‌లో కుటుంబం ఉండేది రెండేళ్ళు, మహా అయితే మూడు. ఒక ఏడాది మానేస్తే, ఎలా చేయాలో తెలిసినవాళ్ళు సగం మంది వెళ్ళిపోతారు. ట్రెజరరు కూడా వెళ్ళిపోతారు. నా తర్వాత వచ్చినావిడకు జూన్‌లో అప్పగించిన ఫైల్లో ఉన్నవి ఇవి: మ్యాచింగ్ పోర్టల్ లాగిన్‌లు, ఇంకా రావాల్సిన కంపెనీ సొమ్ముల పట్టిక, రసీదు నమూనాలు, సాయం నిధి పద్దు, ఫారాలు ఎన్నాళ్ళు దాచాలి, ఎప్పుడు చించేయాలి అన్న కాగితం, హాలు బుకింగ్‌కి నవంబరులోనే చర్చి వాళ్ళతో మాట్లాడాలన్న గుర్తు.